మిరియాల చారు మీద అనుమానం: కేదారనాథ్‌లో బావకు ఊపిరి అందని పొద్దున

కేదారనాథ్ వెళ్లాలనుకునేవాళ్లు నన్ను మొదట చలి గురించి అడుగుతారు, తర్వాత గుర్రాల గురించి. గాలి గురించి ఎవరూ అడగరు. ఎనభైల నడుమ మా అక్కాబావలతో వెళ్లినప్పుడు నేనూ అడగలేదు. వంటాయన బియ్యంలో ఎంత మిగుల్చుకుంటున్నాడు, మేనేజరుకు ఏ సత్రం యజమానితో లోపాయికారీ ఒప్పందం ఉంది, నా ధ్యాసంతా వీటి మీదే. నాది పుట్టుకతో వచ్చిన అనుమానం. "దేవుడు ప్రసాదం పెట్టినా మా సాంబడు వాసన జూసి తింటడు" అని మా అక్క నలుగురిలో చెప్పి నవ్వేది. ఆ యాత్రలో ఆ గుణం మా బావ ప్రాణం మీదికి తెచ్చింది. ఇన్నేళ్లకు అదంతా రాయడం మీలో ఒకరికైనా పనికొస్తుందనే.

అప్పట్లో నేను నర్సంపేటలో ఒక పురుగుమందుల దుకాణంలో గుమాస్తాను. పత్తికి పురుగు పట్టే రోజుల్లో, గాలికి ఎదురుగా మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయిన రైతులను బండి మీద వేసుకుని నేరుగా మా దుకాణం ముందుకే తెచ్చేవాళ్లు. ఏ డబ్బా మందో చూపించి ఏం చేయాలో అడగడానికి. మా దగ్గర దాన్ని మందు ఎక్కడం అంటారు. తలనొప్పి, వాంతులు, తూలిపోవడం, మాట తడబడటం. చింతపండు నీళ్లు తాగించి కక్కించేవాళ్లం, నిద్రపోనివ్వకుండా రెండు రెక్కలు పట్టి నడిపించేవాళ్లం, తర్వాత వరంగల్ పెద్ద దవాఖానకు పంపేవాళ్లం. ఏటా చూసి చూసి, మనిషి మొహం చూడగానే చెప్పగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. నెక్కొండ దగ్గర పత్తి వేసే మా రాజలింగం బావకు కూడా ముందు ఏడాది అలాగే మందు ఎక్కింది. తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాడు. ఆయన లేచి నడిస్తే కేదారం తీసుకెళ్తానని అక్క మొక్కుకుంది. బావ లేచాడు. కానీ ఆ మందు డబ్బా నా చేతులతో ఇచ్చిందే. "బామ్మర్ది కల్తీ మందు అంటగట్టిండట" అని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు. మందులో కల్తీ లేదు, బావే మూతికి గుడ్డ కట్టుకోలేదు. అయినా ఆ మాట నన్ను రోజూ తినేది.

మే నెల రెండో వారంలో ఒక సాయంత్రం కాజీపేటలో ఢిల్లీ బండి ఎక్కాం. వరంగల్‌లో ఒకాయన కూర్చిన యాత్ర అది. పద్దెనిమిది మందిమి, ఒక మేనేజరు, ఒక వంటాయన. ప్లాట్‌ఫారం మీద బియ్యం బస్తాల పక్కన కూర్చున్న వంటాయనను చూసి నడుస్తున్నవాడిని ఆగిపోయాను. అతను యాకయ్య. మా బావ ఊరివాడే. నాలుగేళ్ల కింద పొలం గట్టు దగ్గర నీళ్ల కోసం బావతో కొట్లాడి, పంచాయతీలో ఓడిపోయి, ఉన్న ఎకరం అమ్ముకుని పెళ్లిళ్లలో వంటలకు వెళ్తున్న మనిషి. అంతటితో ఆగలేదు, అతని వంట సామాన్ల మధ్య ఒక రేకు డబ్బా కనిపించింది. పైన కాగితం గోకేసి ఉంది, అయినా ఆ డబ్బా మూత, దాని భుజాల వంపు నాకు తెలియనివా? రోజుకు ఇరవై అమ్మిన డబ్బా అది. బండి ఎక్కి కూర్చున్నాక అక్క చెవిలో చెప్పాను. "ఊకో తమ్మీ, ఆయన పొట్టకూటికి వస్తాండు. నువ్వు జర కిటికీ కాడ కూసోని గాలి పీల్చు" అని కసిరింది. నేను మాత్రం నాగపూర్ దాటే దాకా ఆ డబ్బా మీంచి చూపు తిప్పలేదు.

మూడో రోజు తెల్లారి ఢిల్లీలో దిగి, బస్సులో ఆరు గంటలు కూర్చుంటే హరిద్వార్. టికెట్టు పాతిక రూపాయల లోపే అని గుర్తు. రాత్రి అక్కడ ఉండి, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి రిషీకేశ్‌లో కొండ బస్సు ఎక్కాం. దేవప్రయాగ దాటాక మలుపు మలుపుకూ పొట్టలో పేగులు చోటు మారుతున్నట్టు ఉంటుంది, కిటికీ సీటు దొరికితే వదులుకోకండి. రుద్రప్రయాగలో రాత్రి ఆగి, మందాకిని నది వెంబడే పైకి పోతే మర్నాడు పదిన్నరకల్లా బస్సు గౌరీకుండ్‌లో దింపింది. అక్కడ వేడినీళ్ల గుండం ఉంది, స్నానం చేస్తే బస్సు బడలికంతా దిగుతుంది. ఆ రోజుల్లో అక్కడి నుంచి కేదారానికి పద్నాలుగు కిలోమీటర్ల నడక. గుర్రానికి పోను నూరు రూపాయల దాకా అడిగేవాళ్లు, బేరమాడితే ఎనభైకి వచ్చేవాళ్లు.

మేనేజరు అక్కడే ఆగుదామన్నాడు. "ఇయ్యాల ఈడ్నే పండుకుందాం, రేపు పొద్దుగాల ఎక్కుదాం. ఒక్కపారి ఎక్కితే పైన పానం బాగుండదు." ఆ మాట అంటూ ఎదురుగా ఉన్న సత్రం వైపు చూశాడు. సత్రం ముందు నిలబడ్డ లావుపాటి మనిషి అతన్ని చూసి నవ్వాడు. నాకు ఆ నవ్వు చాలు. "తలకింత కమిషన్ ముడుతదా సార్?" అని పదిమంది ముందూ అడిగేశాను. మేనేజరు మొహం ఎర్రబడింది. బావ కూడా నా వైపే మాట్లాడాడు: "ఎండల అరక దున్నెటోళ్లం, ఈ గుట్ట ఎంత? నడువుండ్రి." అందరూ కదిలారు. ఆపాలని చూసినవాడిని దొంగను చేసి, అదే రోజు పదకొండింటికి నేను అందరినీ కొండ ఎక్కించాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అక్క గుర్రం ఎక్కింది. బావ గుర్రం వద్దన్నాడు. ధోవతి పైకి చెక్కుకుని మా అందరికంటే ముందు నడిచాడు, కుర్రాళ్లతో పోటీపడి అడ్డదారులు తొక్కాడు. సగం దూరంలో ఉన్న రాంబాడాలో టీ తాగేటప్పుడే ఆయన మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "వయసైతాంది బామ్మర్దీ" అని నవ్వాడు. అక్కడి నుంచి పైకి నాకూ ఇరవై అడుగులకు ఒకసారి ఆగాల్సి వచ్చింది. బస్సులో నిద్ర లేకపోవడం వల్ల అనుకున్నాను. సాయంత్రం ఐదున్నరకు గుడి కనిపించింది. వెనక మంచుకొండ, ముందు రాతి గుడి, అక్క చేతులు జోడించి ఏడ్చేసింది. వరుస చాలా పొడుగ్గా ఉండటంతో దర్శనం పొద్దున చేసుకుందామని సత్రంలో చేరాం.

బావ తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. యాకయ్య అందరికీ కిచిడీ వండాడు. బావ వద్దన్నాడు, కడుపులో తిప్పుతోందన్నాడు. కాసేపటికి యాకయ్య ఒక గిన్నెలో పొగలు కక్కే మిరియాల చారు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "ఇది తాగు రాజలింగన్నా, తలకాయ నొప్పి దిగుతది. నీ ఒక్కనికే పెట్టిన." నీ ఒక్కనికే అన్న ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. ఆపుదామనుకునే లోపే బావ సగం తాగేశాడు.

తెల్లారేసరికి బావ పరుపు పక్కన వాంతి చేసుకుని ఉన్నాడు. లేపి నిలబెడితే ఒక అడుగు వేసి గోడకు గుద్దుకున్నాడు. నన్ను చూసి "మల్లేశం, ఎడ్లను ఇడిసినవా?" అన్నాడు. మల్లేశం వాళ్ల జీతగాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. అక్క ఒక్కసారిగా బావురుమంది: "తమ్మీ, నిరుడు గిట్లనే ఐతుండె కదరా! మళ్ల అదే వచ్చిందిరా!" అంతే, నా బుర్ర మరో దిక్కుకు పోలేదు. తలనొప్పి, వాంతి, తూలుడు, తడబాటు, అన్నీ నేను దుకాణం ముందు చూసినవే. ఒకటి మాత్రం కుదరలేదు. మందు ఎక్కిన మనిషికి కంటిపాప ఆవగింజంత అవుతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది. బావ కళ్లు మామూలుగానే ఉన్నాయి, నోరు ఎండి నాలుక పిడచకట్టింది. అది చూశాను. చూసి కూడా పక్కన పెట్టేశాను. కొండమీద చలికి చొంగ ఆగిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక మాకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాను. చింతపండు నీళ్లు పట్టించి రెండుసార్లు కక్కించాను. నిద్రపోనివ్వకూడదని ఒక చేయి నేను, ఒక చేయి ఇంకొకాయన పట్టుకుని సత్రం వరండాలో అటూ ఇటూ నడిపించాం. నడిపించేకొద్దీ బావ ఊపిరి కొలిమి తిత్తిలా ఎగిసింది, గోళ్లు నల్లబడ్డాయి. ఆయనను అక్క ఒళ్లో వాల్చి నేను వంటగదిలోకి దూసుకుపోయాను.

"యాకయ్యా, చారుల ఏం కలిపినవ్?"

అతను పిండి కలుపుతున్న చేతులతో అలాగే చూశాడు. "మిరియాలు, ఎల్లిగడ్డ, చింతపండు. ఏమైందన్నా?"

"ఆ డబ్బాల ఏముంది? అది మా దుకాణపు డబ్బ. నాకెర్క లేదనుకున్నవా? పొలం పోయిన కోపం చారుల తీర్చుకున్నవా?"

యాత్రకు వచ్చినవాళ్లంతా గుమ్మం దగ్గర మూగారు. ఒకరిద్దరు నిన్న తిన్న కిచిడీ తలచుకుని పొట్టలు పట్టుకున్నారు. యాకయ్య లేచి, చేతులు కడుక్కుని, డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. గ్యాసునూనె. స్టవ్వులో పోసే కిరసనాయిలు. అప్పుడైనా నేను తగ్గొద్దా? "డబ్బ మారిస్తివేమో" అన్నాను. నిన్న బావ వదిలేసిన సగం చారు గిన్నెలోనే చల్లారి ఉంది. యాకయ్య ఆ గిన్నె ఎత్తి, నా కళ్లలోకి చూస్తూ, అడుగుదాకా తాగేశాడు. తర్వాత నన్ను తోసుకుని బావ దగ్గరికి పోయాడు.

అప్పటికే అక్కడ ఒక గుర్రాలాయన నిలబడి ఉన్నాడు. పొద్దున్నే కిందికి పోయే బేరం కోసం వచ్చిన కొండ మనిషి. బావ వేలు పట్టుకుని గోరు చూశాడు, పెదవులు చూశాడు. "హవా కమ్ హై. నీచే లే జావ్, అభీ" అన్నాడు. వరంగల్ బజార్లో పెరిగినవాడిని, ఆ మాట నాకు అర్థమైంది: గాలి తక్కువ, ఇప్పుడే కిందికి దింపమంటున్నాడు. కానీ నాకు వినపడింది మాత్రం బేరం. పొద్దున్నే కింద నుంచి గుర్రాలు ఇంకా రాలేదు, ఉన్నది ఇతనిదొక్కటే, అందుకే భయపెడుతున్నాడనుకున్నాను. "డాక్టర్ను పిలుస్త, నువ్వు పో" అన్నాను. అప్పుడు యాకయ్య గట్టిగా అరిచాడు, ఆ యాత్ర మొత్తంలో అతను గొంతు పెంచింది అదొక్కసారే: "సాంబన్నా, నా మీద అనుమానం తర్వాత జూసుకో. గుర్రపాయనతోని బేరాలు జూస్తానవ్, మనిషి పోతాండు ఈడ!"

అక్క తేల్చేసింది. గుడి అక్కడి నుంచి వంద గజాలు. ఇంత దూరం వచ్చింది ఆ దర్శనం కోసం. కళ్లు తుడుచుకుని ఆ వైపు తిరిగి చేతులు జోడించి, "మేం దిగుతానం అయ్యా, నువ్వే మా ఎంబడి రా" అంది. బావను కంబళిలో చుట్టి గుర్రం మీద కూర్చోబెట్టాం. ఆయన నిటారుగా నిలవడం లేదు. ఒక పక్క యాకయ్య భుజం ఆనించి నడిచాడు, మరో పక్క నేను పట్టుకున్నాను. అర కిలోమీటరు కాకముందే నా కళ్లకు చీకట్లు కమ్మాయి. నేను పక్కకు తప్పుకున్నాక యాకయ్య ఒక్కడే రాంబాడా దాకా బావను భుజం మీద మోసినంత పని చేశాడు. దారిలో ఒకచోట గుర్రం ఆగింది. ఆగలేక అడిగాను, "నీకు బావ మీద పగ లేదా?" అని.

"ఉండె. మస్తు ఉండె" అన్నాడు. "గని పగ తీర్చుకునెటోన్నైతే ఊర్లనే తీర్చుకుందునన్నా. ఇంత దూరం వచ్చి, దేవుని కాడ, తిండిల కలుపుతనా? వంట జేసి బతికెటోన్ని నేను."

రాంబాడా చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడికి వచ్చేటప్పటికి రెండు వేల అడుగులకు పైనే దిగాం. బావ పెదవుల నలుపు తగ్గింది. కళ్లు తెరిచి చుట్టూ చూసి, "సాంబా, మనం ఎటు పోతానం? దర్శనమైందా?" అని అడిగాడు. నన్ను నా పేరు పెట్టి పిలిచాడు. నేను దారి పక్కన రాయి మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. వెనకే నడిచి వస్తున్న అక్క నా వీపు మీద చెయ్యి వేసింది.

గౌరీకుండ్‌లో యాత్రాకాలానికి తెరిచిన చిన్న దవాఖాన ఉండేది. అక్కడి డాక్టరు బావకు ప్రాణవాయువు సిలిండర్ గొట్టం పెట్టి, గుండె, ఊపిరితిత్తులు చూసి, ప్రమాదం తప్పిందన్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఓపిగ్గా చెప్పాడు. గాలిలో ప్రాణవాయువు వంతు పైనా కిందా ఒకటే, కానీ ఎత్తుకు పోయేకొద్దీ గాలే పలచన. మీ ఊరు వెయ్యి అడుగులు కూడా ఉండదు, కేదారం పదకొండున్నర వేలు పైచిలుకు. కింద మూడు వంతులు అందే చోట పైన రెండే అందుతాయి. నెత్తుట్లో ప్రాణవాయువు తగ్గితే గుండె, ఊపిరి వేగం పెంచి ఒళ్లు ఎలాగో సర్దుకుంటుంది, కానీ దానికి రోజులు కావాలి. మీరు ఒక్క పూటలో ఐదు వేల అడుగులు ఎక్కారు. సర్దుకోకపోతే మెదడు వాస్తుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది, గోళ్లూ పెదవులూ నీలం తిరుగుతాయి. కండబలం ఉన్నవాళ్లు గబగబా ఎక్కి ముందు పడిపోతారు. కక్కించి ఒంట్లో నీళ్లు తీసేశారు, నడిపించి ఉన్న కాస్త ప్రాణవాయువూ ఖర్చు చేయించారు. మరో రెండు గంటలు పైన ఉంచి ఉంటే తను చేయగలిగేదేమీ ఉండేది కాదని ముగించాడు. ఇదంతా విని, "మెదడుకు గాలి అందకపోతే మనిషికి ఉత్తుత్తి అనుమానాలు కూడా వస్తాయా?" అని అడిగాను. తెలివి మందగిస్తుంది, చిరాకు పెరుగుతుంది, తప్పు నిర్ణయాలు చేస్తారని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క వెంటనే అందుకుంది: "గాలి మీద ఎందుకు తోస్తానవ్ రా? కాజీపేట ప్లాట్‌ఫారం మీద గాలి మంచిగనే ఉండె గద!"

మధ్యాహ్నానికి బావ లేచి కూర్చుని ఆకలన్నాడు. నేను కమిషన్ సత్రమని తిట్టిన ఆ సత్రంలోనే దిగాం. యాకయ్య పై నుంచి తెచ్చుకున్న కాస్త బియ్యంతో అన్నం, పప్పుచారు చేశాడు. బావ ముందు పళ్లెం పెట్టి, నా వైపు తిరిగి, పళ్లెం పక్క నుంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగి, కాసేపు ఆగి, "ఇగ తినుమను అన్నా" అన్నాడు. బావకేమీ తెలియదు. "నాకంటే ముందు తింటానవేందిరా?" అని నవ్వి తినడం మొదలుపెట్టాడు. నేను బయటికి వెళ్లి మందాకిని ఒడ్డున నిలబడ్డాను. పైనున్నవాళ్లు దర్శనం చేసుకుని మర్నాడు దిగారు. వాళ్లందరి ముందూ యాకయ్య చేతులు పట్టుకుని తప్పయిందన్నాను. "పోనీ అన్నా" అన్నాడు. మేనేజరును కూడా క్షమించమన్నాను. ఆయనకు ఆ సత్రంలో నిజంగానే కమిషన్ ఉందట, ఆయనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు రాంబాడా కనిపించదు, తర్వాత వచ్చిన వరదలో పోయింది. దారి నదికి అవతలి పక్కకు మారి పొడుగైంది. వేలికి తగిలిస్తే నెత్తుట్లో ప్రాణవాయువు ఎంతుందో చెప్పే చిన్న మిషను మందుల షాపుల్లో దొరుకుతోంది. అదే మాకు ఆ రోజు ఉంటే అని చాలాసార్లు అనుకుంటాను, కానీ ఉన్నా నేను దాన్ని నమ్మేవాడినా అనేది వేరే సంగతి. బావ ఆ తర్వాత పందొమ్మిదేళ్లు బతికాడు. యాకయ్య స్టేషన్ ఘన్‌పూర్ నుంచి నర్సంపేట దాకా పెళ్లిళ్లకు వండాడు. ఏ పెళ్లి పంక్తిలో నేను కనబడినా గరిటె పట్టుకుని తానే వచ్చేవాడు. నా విస్తట్లో వడ్డించే ముందు గరిటెలోంచి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, మింగి, "ఇగ తిను సాంబన్నా" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. పక్కవాళ్లు అదేదో మా ఇద్దరి పరాచికం అనుకునేవాళ్లు. నేనొక్కడినే తల దించుకుని తినేవాడిని. అతను పోయి ఆరేళ్లయింది, ఇప్పటికీ పంక్తిలో మొదటి ముద్ద నా గొంతు దిగడానికి కాస్త సమయం పడుతుంది.

మీకు నేను చెప్పేది ఒక్కటే: గౌరీకుండ్‌లో ఒక రాత్రి ఆగి ఎక్కండి, పైన తల తిరిగినా మాట తడబడినా దర్శనం వదిలేసి అప్పుడే దిగండి. ఆగమని చెప్పేవాడికి కమిషన్ ముట్టినా సరే, ఆగండి.